పోటీ ఎడ్లకు పశువైద్యం మైదానంలోనే అందాలి

సంపాదకులకు నమస్కారాలు.

దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్దకు మొన్న జనవరిలో వెళ్లినప్పుడు, ఒక శుక్రవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ మేదాన్ గుర్రప్పందేల మైదానానికి వెళ్లాము. 2010లో ప్రారంభమైన ఆ మైదానంలో 60 వేల మంది కూర్చోవచ్చు. అక్కడ మార్చిలో జరిగే దుబాయ్ వరల్డ్ కప్ పరుగు ఒక్కదానికే బహుమతి కోటీ 20 లక్షల డాలర్లు. అయినా ప్రేక్షకులు డబ్బు ఒడ్డే కౌంటరు మాత్రం ఎక్కడా లేదు. గెలిచే గుర్రాలను ఊహించి రాసే ఉచిత పోటీతోనే పిల్లాపెద్దా సంతోషపడుతున్నారు.

నన్ను కట్టిపడేసినది వేరు. ప్రతి పరుగుకూ ముందు గుర్రాలను అందరి ఎదుట గుండ్రంగా నడిపిస్తారు. ఏ గుర్రం అడుగు ఎలా వేస్తున్నదో మామూలు మనిషికి కూడా కనిపిస్తుంది. మూడో పరుగులో ఒక గుర్రం నడక తడబడగానే జాకీ కిందికి దూకి కళ్లెం పట్టుకొని నిలబడ్డాడు. పరుగు వెంటే వస్తున్న వాహనంలోంచి పశువైద్యుడు దిగి, అది ఇంకా ఒగరుస్తుండగానే కాలు పట్టి చూశాడు. మా పెద్ద మనవడు గెలిచిన గుర్రాన్ని మరచిపోయి, వాహనం కనుమరుగయ్యేదాకా దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

మా నాందేడ్ జిల్లా వారికి గుర్రాలు కొత్త కాదు. మార్గశిరంలో మాలెగావ్ ఖండోబా జాతరలో సాగే గుర్రాల సంతకు నేను చిన్నప్పుడు మా నాన్నగారి భుజాల మీద వెళ్లాను. ఇక్కడ శంకర్‌పట్ అనే ఎడ్ల బండ్ల పందేలకు 2023 మే 18న సుప్రీంకోర్టు తీర్పుతో చట్టబద్ధత స్థిరపడింది. ఆ తీర్పుకు నేనూ సంతోషించాను, ఎందుకంటే ఎద్దును బిడ్డలా సాకే రైతులు మా చుట్టూ ఉన్నారు. అయితే నిరుడు ఒక గ్రామంలో పందెం మధ్యలో కాలు విరిగిన ఎద్దు రెండు గంటలకు పైగా ఎండలో పడి ఉంది. దాని యజమాని తువ్వాలు తడిపి దాని మొహం మీద కప్పుతూ కూర్చున్నాడు. పశువైద్యుడు వచ్చేసరికి పొద్దు వాలింది.

పందేలకు అనుమతి ఇచ్చే అధికారులు పశువైద్యుడూ, పశువులను ఎక్కించగల వాహనమూ మైదానానికి చేరిన తరువాతనే మొదటి బండిని వదలనివ్వాలని, ఎడ్లను ముందుగా నడిపించి చూసే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రానున్న పందేల కాలానికి ముందే ఈ ఆదేశం వెలువడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర