డీఆర్‌సీకి ఆ గండి కనపడదు

సంపాదకులకు,

సర్క్యూట్ బోర్డుల డిజైన్ మీద మీరు వేసిన వ్యాసం చదివాను. బాగుంది కానీ, డీఆర్‌సీలో (బోర్డు డిజైన్ నియమాలు పాటించిందో లేదో సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ) తప్పులు సున్నా వస్తే బోర్డును ఇక తయారీకి పంపేయొచ్చన్న మాట దగ్గరే నాకు పేచీ. పేచీ సాఫ్ట్‌వేర్‌తో కాదు. నేను వాడేది 1992లో జాన్ పియెర్ షరాస్ మొదలుపెట్టిన కీక్యాడే, పైసా ఖర్చు లేదు, పనికి లోటూ లేదు.

నా మొదటి నాలుగు లేయర్ల బోర్డులో పైనా కిందా సిగ్నళ్లు, లోపల ఒక గ్రౌండ్ ప్లేన్, ఒక పవర్ ప్లేన్ (ప్లేన్ అంటే లేయరంతా పరుచుకున్న రాగి రేకు). చివర్లో ఒక్క ట్రేస్‌కి (తీగలా పనిచేసే రాగి గీతకి) చోటు దొరక్క, ఏమవుతుందిలే అని గ్రౌండ్ ప్లేన్‌లోంచే లాగేశాను. దాంతో ప్లేన్‌కి పొడవుగా గండి పడింది, సరిగ్గా దాని మీదుగానే పై లేయర్‌లో వేగంగా కొట్టుకునే క్లాక్ సిగ్నల్ లైన్ వెళ్తోంది. డీఆర్‌సీ నోరెత్తలేదు! ఎందుకెత్తుతుంది, అది చూసేది ట్రేస్ వెడల్పు, మధ్య ఎడం, డ్రిల్ సైజు, కలవకుండా మిగిలిన నెట్‌ల (కనెక్షన్ల) లాంటివే కదా. హై ఫ్రీక్వెన్సీలో తిరుగు కరెంటు ట్రేస్ కిందనే ప్లేన్‌లో నడుస్తుంది, గండి అడ్డొస్తే చుట్టు తిరిగి రావాలి, ఆ చుట్టే యాంటెన్నాలా పనిచేస్తుంది. బోర్డు ఆన్ చేస్తే పక్కనున్న రేడియోలో ఒకటే గోల.

ఇంకొకటి, స్టాకప్, అంటే లేయర్లు ఒకదానిపై ఒకటి ఎంతెంత దూరంలో పేర్చి ఉంటాయన్నది. 1.6 మిల్లీమీటర్ల బోర్డంటే లేయర్ల మధ్య దూరం సమానంగా ఉంటుందనుకుంటారు కొత్తవాళ్లు. చాలా బోర్డుల్లో పై లేయర్‌కీ దాని కింది ప్లేన్‌కీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్లే, మందమంతా నడిమి కోర్ అనే పలకదే. యూఎస్‌బీ సిగ్నల్ మోసే ట్రేస్‌ల జతకు 90 ఓమ్‌ల ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) రావాలంటే వాటి వెడల్పు ఈ దూరాన్ని బట్టే లెక్కకట్టాలి. కాబట్టి తయారీదారు ఇచ్చే స్టాకప్ షీట్ రౌటింగ్‌కి (ట్రేస్‌లు గీయడానికి) ముందే చేతిలో ఉండాలి, అంతా అయ్యాక తెప్పించుకుంటే సగం ట్రేస్‌లు పీకి మళ్లీ గీయాల్సిందే (అదీ చేశాను లెండి).

ఈసారి రాసేటప్పుడు ఒక ముక్క చేర్చండి: పంపే ముందు గెర్బర్ ఫైళ్లు (తయారీదారుకు పంపే ఒక్కో లేయర్ బొమ్మలు) వ్యూయర్‌లో తెరిచి, లోపలి లేయర్లను ఒక్కొక్కటిగా విడిగా చూడమని. నా గండి అక్కడ మొదటి చూపులోనే కనపడింది, కాకపోతే అప్పటికే బోర్డులు నా బల్ల మీదకి వచ్చేశాయి.

— ఒక పాఠకుడు