విషయం: రిమోట్ మూత ఊడిపోతోందని చెబుతుంటే మీ దగ్గర వినేవాళ్లు లేరు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

ఇంతకుముందు రాసిన మెయిళ్లకి వచ్చినట్టే దీనికీ ఆటోమేటిక్ జవాబు వస్తుందేమో అనుకుంటూనే రాస్తున్నాను. దయచేసి ఎవరో ఒక మనిషి దీన్ని చివరిదాకా చదవండి.

మీ పిల్లల బెడ్‌లైట్ బాగానే వెలుగుతోంది. నా గొడవంతా దాంతో వచ్చిన చిన్న రిమోట్ గురించి. డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే, నేను పరీక్షించుకోనిదే ఏ వస్తువూ మా బాబు చేతికి ఇవ్వను. ఊపి చూస్తాను, గోటితో లాగి చూస్తాను, మంచం ఎత్తు నుంచి కింద పడేసి చూస్తాను. ఈ రిమోట్ అలా పడేయగానే వెనక మూత ఊడి, లోపలి బటన్ సెల్, అంటే బిళ్లలాంటి చిన్న బ్యాటరీ, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. మూతకి స్క్రూ కోసం రంధ్రం ఉంది, స్క్రూ లేదు. డబ్బాలోనూ లేదు.

ఈ మాట చెబితే మీరే కంగారుపడి వెంటనే ఫోన్ చేస్తారనుకున్నాను. మొదట మాట్లాడినతను "లైట్ ఆన్ అవుతోందా మేడమ్?" అని అడిగాడు. అవుతోంది అన్నాను. "అయితే ప్రాబ్లమ్ ఏమీ లేదు కదా" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అతను మళ్లీ లైట్ గురించే అడిగాడు. ఇంకొకరు బిల్లు ఫొటో పంపమన్నారు, పంపితే క్లియర్‌గా లేదన్నారు, తర్వాత డబ్బా ఫొటో, ఆ తర్వాత డబ్బా పక్కవైపున్న నంబరు ఫొటో అడిగారు. అన్నీ పంపాక టెక్నికల్ టీమ్‌కి కలుపుతున్నామని చెప్పి మ్యూజిక్ పెట్టారు, అది మోగీ మోగీ కాల్ కట్ అయిపోయింది. తిరిగి చేస్తే కొత్త మనిషి, మళ్లీ కథంతా మొదటి నుంచి. చాట్‌లో రాస్తే తర్వాతి కొనుగోలుకి డిస్కౌంట్ కూపన్ ఇచ్చారు. నేను కూపన్ అడగలేదు.

ఒక అమ్మాయి మాత్రం ఓపిగ్గా విన్నది. అంతా విని, "మేడమ్, ఇలాంటిది రాయడానికి మా ఫామ్‌లో ఆప్షన్ లేదు" అంది. పనిచేయడం లేదు, పగిలింది, ఆలస్యంగా వచ్చింది, వేరే వస్తువు వచ్చింది, ఇవే ఉన్నాయట. పసిపిల్లలకి ప్రమాదం అని నమోదు చేసుకునే చోటే లేకుండా మీరు పిల్లల వస్తువులు ఎలా అమ్ముతున్నారు? ఆ అమ్మాయి చివరికి 'పనిచేయడం లేదు' అని రాసుకుంది. అందుకే కాబోలు, "రిమోట్ పనిచేయకపోతే బ్యాటరీ తీసి కొత్తది వేసి చూడండి" అని మెయిల్ వచ్చింది. అది చదివినప్పుడు నాకొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఆ వెనకే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకి రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్.

ఆ సెల్ ఏం చేస్తుందో మీకు తెలియదా? 20 మిల్లీమీటర్ల బిళ్ల చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోతుంది. లోపలి తడి తగలగానే కరెంటు పారి, అక్కడే క్షారం తయారై, 2 గంటల్లోనే కండ కాలిపోవచ్చు. దానికి సెల్ పగలక్కర్లేదు, కారక్కర్లేదు. అయిపోయిందని తీసి పక్కన పెట్టిన సెల్‌లో కూడా అంత పని చేసేంత కరెంటు మిగిలే ఉంటుంది. మింగానని ఆ వయసు పిల్లలు చెప్పలేరు, దగ్గో జలుబో అనుకుని పెద్దవాళ్లు ఊరుకుంటారు. ఇలా పిల్లలు పోయాకే అమెరికాలో 2022లో బటన్ సెల్ వస్తువుల భద్రత కోసం రీస్ చట్టం వచ్చింది. అదే ఏడాది జూన్ నుంచి ఆస్ట్రేలియాలో కూడా బటన్ సెల్ ఉన్న వస్తువులకి మూత పిల్లలు తీయలేనట్టు ఉండాలని తప్పనిసరి చేశారు. మీ రిమోట్‌కి రంధ్రం పెట్టారంటే ఈ సంగతి మీ ఫ్యాక్టరీలో ఎవరికో తెలుసు. మరి స్క్రూ ఏమైంది? ఆ బ్యాచ్‌లో ఎన్ని రిమోట్లు ఇలాగే బయటికి వెళ్లాయి? నేను అడుగుతున్నది ఇదీ, దీనికే ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.

బాబు పుట్టినప్పటి నుంచి సీసాలు, స్నానం టబ్బు, కుర్చీ అన్నీ మీవే కొన్నాను. నాలాంటి అనుమానం మనిషి నమ్మి కొన్న కంపెనీ అని చెల్లెలికి, స్నేహితులకి కూడా నేనే చెప్పాను. ఇప్పుడు వాళ్లందరికీ ఫోన్ చేసి ఆ రిమోట్ తీసి పైన పెట్టమని చెబుతున్నాను. నిజానికి ఆ ఫోన్లు చేయాల్సింది మీరు.

నాకు డబ్బు వెనక్కి ఇస్తే సరిపోదు. ఆ లైట్ కొన్న ప్రతి ఒక్కరికీ రిమోట్ గురించి హెచ్చరిక పంపండి, స్క్రూ సంగతి తేలేదాకా అమ్మకం ఆపండి. పేరు చెప్పి మాట్లాడే బాధ్యత గల వ్యక్తితో ఈ వారంలోగా నాకు ఫోన్ చేయించండి. లేదంటే ఫొటోలు, వీడియో, మీ చాట్ మెసేజ్‌లు అన్నీ కలిపి వినియోగదారుల రక్షణ అధికారులకి పంపుతాను, నాకు తెలిసిన ప్రతి పేరెంట్స్ గ్రూపులోనూ పెడతాను. రిమోట్ నా దగ్గరే ఉంది, సెల్‌కి రెండు వైపులా టేప్ చుట్టి బాబుకి అందని చోట పెట్టాను. అందులో ఏ లోపం ఉందని తీసుకుంటున్నారో మీరు రాతపూర్వకంగా ఇచ్చేదాకా దాన్ని వెనక్కి పంపను.

ఇట్లు,
మీ పాత కస్టమర్, ఒక తల్లి