అరిగిన అక్షరాల మోజు

సంపాదకులకు నమస్కారములు.

ఒడిశాలోని మా బరంపురంలో ఈమధ్య తెలుగు బోర్డులకు, పోస్టర్లకు సిరా అరిగిపోయినట్టు కనిపించే ఇరుకు అక్షరాలను విరివిగా వాడుతున్నారు. అమెరికాలో 1827లో డేరియస్ వెల్స్ అనే ముద్రాపకుడు యంత్రంతో కర్ర అచ్చు అక్షరాలు కోయడం మొదలుపెట్టాక పోస్టర్లపై విస్తరించిన ఈ ఇరుకు తీరు, నిలువు గీతలు ఎక్కువగా ఉన్న రోమన్ లిపికి బాగానే నప్పుతుంది. ఒడియా అక్షరాల కింద మిగిలిన జానెడు చోటులో ఇరికించాలని గుండ్రని మన లిపిని కంప్యూటరులో పక్కలనుంచి నొక్కితే మాత్రం నిలువు భాగాలు సన్నబడి, అడ్డ భాగాలు మందంగా మిగిలి, పైపెచ్చు అరిగినట్టు కనిపించాలని పూసిన మచ్చల్లో వత్తులు, 'ధ' వంటి అక్షరాల ఒత్తు గీతలు మాయమవుతాయి. మా వీధిలోని ఒక బోర్డు మీద 'ధర' కాస్తా 'దర' అయి కూర్చుంది (బేరానికి అడ్డేమీ రాలేదనుకోండి). ఇంట్లోనే తెలుగు నేర్చుకునే ఇక్కడి పిల్లలు కూడబలుక్కుని చదివేది ఈ బోర్డులనే కనుక, డిజైనర్లు అరిగినట్టుండే ఆ గరుకుదనాన్ని పెద్ద శీర్షికల మందపాటి గీతల లోపలికే పరిమితం చేసి, ఒత్తు గీతలను, వత్తులను శుభ్రంగా వదిలేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా