మా 14 సంఘాల లెక్కలు తేల్చిపెట్టిన అందరికీ దండాలు

నెల్లూరు జిల్లాలో మా గ్రామ సంఘం కింద ఉన్న 14 పొదుపు సంఘాల పుస్తకాలూ బ్యాంకు లెక్కా పోయిన ఆదివారం పైసాతో సహా సరిపోయాయి. మూడేళ్లుగా ఒకదానితో ఒకటి పొసగని లెక్కలివి. పక్క మండలం నుంచి వరసగా ఆదివారాలు వచ్చి కూర్చున్న యానిమేటర్ (సంఘాల పుస్తకాలు రాసే) అక్కలకి, డిగ్రీ చదివే పిల్లలకి, రిటైరైన బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు గారికి, గది తాళం ఇచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మకి, కాగితం ఖర్చు మాత్రమే తీసుకున్న జిరాక్స్ అన్నకి మా 14 సంఘాల తరఫున చేతులెత్తి దండం పెడుతున్నాం. మీరు ఏం చేశారో, ఎలా చేశారో వివరంగా రాస్తున్నాం. ఇదే చిక్కులో ఉన్న సంఘాలు చాలా ఉన్నాయి, వాళ్లకీ అక్కరకొస్తుంది.

యానిమేటర్ అక్కలు మొదటి రోజు పుస్తకాలు ముట్టుకోనే లేదు. ముందు ఒక్కో సంఘానికీ బ్యాంకు నుంచి పొదుపు ఖాతాకి, అప్పు ఖాతాకి విడివిడిగా మూడేళ్ల స్టేట్‌మెంట్ తెప్పించమన్నారు. తర్వాత డబ్బు కట్టిన చీటీలు. ఆ తర్వాత సభ్యుల చేతి పాస్‌బుక్కులు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, లెడ్జరు (సభ్యురాలికో పేజీగా ఉండే ఖాతాల పుస్తకం) ఆఖర్న. తప్పు ఎక్కడుందో ఆ పుస్తకాల్లోనే వెతుకుతున్నప్పుడు వాటినే సాక్ష్యంగా పెట్టుకోకూడదని వాళ్ల మాట. మేము అంతకుముందు రెండుసార్లు లెడ్జరు నుంచి మొదలుపెట్టి మధ్యలో వదిలేయడానికి కారణం అదే.

చీటీల్లో చాలావాటికి అక్షరాలు మాసిపోయాయి. మెషీన్ నుంచి వచ్చే నున్నటి కాగితం ఎండకీ వేడికీ తెల్లబడిపోతుంది. పిల్లలు ప్రతి చీటీనీ ఫోన్‌తో ఫొటో తీసి, వెలుగు పెంచి, తేదీ, మొత్తం చదివి, పొడుగు కాగితం మీద తేదీల వరసలో రాశారు. ఇకమీదట చీటీ వచ్చిన రోజే జిరాక్స్ తీసి తీర్మానాల పుస్తకంలో అంటించాలని 14 సంఘాలూ తీర్మానం రాసుకున్నాయి.

ఎక్కువ సంఘాల్లో తేడాకి మూలం ఒక్కటే. బ్యాంకుకి కట్టిన కంతు మొత్తాన్నీ మా వాళ్లు అసలు కింద తగ్గించేశారు. కట్టినదాంట్లో ముందు వడ్డీకి పోయి, మిగిలిందే అసలుకి జమవుతుంది. మూడు లక్షల బాకీ మీద నూటికి రూపాయి వడ్డీ అనుకుంటే ఆ నెల వడ్డీ 3,000. పదివేలు కడితే అసలు తగ్గేది 7,000 మాత్రమే. మా పుస్తకంలో 10,000 తగ్గించి రాస్తే, ఆ ఒక్క నెలకే 3,000 తేడా. ఏడాది తిరిగేసరికి "మేమంతా కట్టేశాం" అని సంఘం అంటుంది, "ఇంకా బాకీ ఉంది" అని బ్యాంకు అంటుంది. మధ్యలో లీడర్ల మీద అనుమానం. పైసా ముట్టని మనిషి వాడకట్టులో తలెత్తుకోలేని పరిస్థితి వస్తుంది. ఆ అనుమానాన్ని తీసేసినందుకు మీకు ఎంత చెప్పినా తక్కువే.

రెండోది, సంఘం లోపల ఇచ్చుకునే అప్పు. రూపాయి వడ్డీ అని అందరూ ఒప్పుకుంటారు గానీ దేని మీద రూపాయి అనేది తీర్మానంలో రాయరు. 20,000 అప్పు, నెలకి 2,000 చొప్పున పది కంతులు అనుకుందాం. తగ్గే బాకీ మీద లెక్కేస్తే మొదటి నెల వడ్డీ 200, రెండో నెల 180, అలా దిగుతూ పదో నెల 20. మొత్తం 1,100. మొదటి అసలు మీదే పది నెలలూ లెక్కేస్తే 2,000. ఒకే సంఘంలో కొందరికి ఒకలాగా కొందరికి ఇంకోలాగా వేసి ఉంటే 900 రూపాయల దగ్గర గొడవ మొదలై సంఘమే చీలుతుంది. "తగ్గే బాకీ మీద" అనే మూడు మాటలు ఇప్పుడు మా ప్రతి అప్పు తీర్మానంలోనూ ఉన్నాయి.

ఒకే పేరున్న సభ్యులది ఇంకో చిక్కు. ఒక సంఘంలో ఇద్దరు లక్ష్మమ్మలుంటే ఒకరి కంతు ఇంకొకరి పేజీలో పడింది. పుట్టింటి ఇంటిపేరుతో ఆధార్, అత్తింటి ఇంటిపేరుతో పాస్‌బుక్ ఉన్నవాళ్లూ ఉన్నారు. పేరు పక్కన వరస నంబరు వేసి, పాస్‌బుక్ మీదా లెడ్జరు పేజీ మీదా అదే నంబరు పెట్టించారు. ఇప్పుడు డబ్బు ఇచ్చేటప్పుడు నంబరు చెప్పే ఇస్తున్నారు.

ఇక కాగితం మీద రెండు వైపులా సరిపోయాయా లేదా చూసే పద్ధతి. ఇది నేర్పినందుకు ఫీల్డ్ ఆఫీసరు గారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. పదిమంది ఉన్న ఒక సంఘం లెక్క ఆయన బోర్డు మీద ఇలా వేశారు. సంఘం ఎవరికి బాకీ: సభ్యుల పొదుపు, నెలకి వంద చొప్పున 60 నెలలకి 60,000, బ్యాంకు అప్పు 1,80,000, వడ్డీల మీద మిగిలిన లాభం 24,500. మొత్తం 2,64,500. ఆ డబ్బు ఎక్కడుంది: సభ్యుల దగ్గర అప్పులుగా 2,36,000, బ్యాంకులో 27,300, పెట్టెలో 1,200. అదీ 2,64,500. రెండూ కలిస్తేనే లెక్క తేలినట్టు. కలవకపోతే తేడాని 9తో భాగించమన్నారు. శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు తారుమారయ్యి ఉండొచ్చు. ఒక సంఘంలో 900 తేడా వచ్చింది, వెతికితే 4,500కి బదులు 5,400 రాసి ఉంది. 9తో పోకపోతే తేడాని సగం చేసి, ఆ సగం మొత్తం పుస్తకంలో ఎక్కడైనా ఉందేమో చూడమన్నారు. ఇంకో సంఘంలో తేడా 2,400. ఖర్చు వైపు రాయాల్సిన 1,200 జమ వైపు పడింది. ఆ పేజీ చూపించినప్పుడు అంగన్‌వాడీ గదిలో ఒక్కసారిగా చప్పట్లు మోగాయి.

బ్యాంకు విషయం కూడా చెప్పాలి. ఒక శాఖలో, ఒకరిద్దరి కంతులు ఆగాయని ఒక సంఘం పొదుపు ఖాతా మొత్తాన్నే ఆపేశారు. పది లక్షల వరకు సంఘాలకిచ్చే అప్పుకి హామీ గానీ మార్జిన్ (సంఘం తన వంతుగా పెట్టే డబ్బు) గానీ అడగకూడదు, అప్పు కోసమని పొదుపు ఖాతాలో డబ్బు తీయనీయకుండా పట్టు పెట్టకూడదు, డిపాజిట్ చేయమని ఒత్తిడి తేకూడదు అని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనే ఉంది. ఫీల్డ్ ఆఫీసరు గారు అర్జీలో మూడే మూడు సంగతులు రాయించారు: ఖాతా నంబరు, ఆపిన తేదీ, ఏ ఆదేశం ప్రకారం ఆపారో రాతలో తెలపమన్న మనవి. సంఘం తీర్మానం జత చేసి, రెండో ప్రతి మీద శాఖ ముద్ర, తేదీ వేయించుకొచ్చాం. ఖాతా మళ్లీ తెరుచుకుంది. ముద్ర వేయించుకోకుండా ఇచ్చిన పాత అర్జీలు మూడు ఉన్నాయి, వాటి జాడే లేదు.

సంతకాల దగ్గర యానిమేటర్ అక్కలు బాగా కోప్పడ్డారు, ఆ కోపానికీ కృతజ్ఞతలు. ఖాళీ తీర్మానం పేజీల కింద సంతకాలు, వేలిముద్రలు ముందే పెట్టించి ఉంచడం చాలా ఊళ్లలో అలవాటైంది. తొందరలో బ్యాంకుకి వెళ్లాలంటే అందరినీ పోగుచేయలేమని. ఆ పేజీ మీద ఎంత అప్పైనా రాసుకోవచ్చు కదా. ఇప్పుడు ఆఖరి వాక్యం కిందే అడ్డగీత, ఆ గీత కిందే సంతకం. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తున్నాం. తప్పు పడితే దిద్దరాదు, కొట్టేసి పక్కన సరైన అంకె రాసి ఇద్దరు లీడర్లు పొట్టి సంతకం పెట్టాలి. ఫోన్‌లో ఎక్కించేది పుస్తకం చూసి ఎక్కించాలి గానీ, ఫోన్ చూసి పుస్తకం రాయకూడదు.

చివరి రోజు ఒక్కో సభ్యురాలి పొదుపు, తీసుకున్న అప్పు, కట్టింది, మిగిలింది అందరి ముందూ పైకి చదివారు. చదువు రాని పెద్దమ్మలు తమ లెక్క తామే నోటితో చెప్పారు, చాలామందిది లెడ్జరు కంటే కరెక్టుగా ఉంది. ఒకామె గోడ మీద బొగ్గుతో ఐదేసి గీతలుగా పెట్టుకున్న కంతుల గుర్తులను పిల్లలు ఇంటికి వెళ్లి లెక్కపెట్టి వచ్చారు. మా లెడ్జరులో 17 కంతులుంటే గోడ మీద 18. బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే గోడదే నిజమైంది. ఓపికగా ఆ గోడ దాకా వెళ్లిన పిల్లల్ని ఆమె ఎప్పటికీ మరిచిపోదు.

ఈ జిల్లా ఆడవాళ్లకి పొదుపు ఊరికే రాలేదు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా దుకాణానికి పోకుండా ఆగిన డబ్బులో రోజుకో రూపాయి దాచుకోవడం దగ్గరే మా పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. ఆ రూపాయి లెక్క మా చేతిలోంచి జారిపోతుంటే పట్టి తిరిగి మా చేతికే ఇచ్చారు మీరు. మీరే రాసిపెట్టి వెళ్లిపోలేదు, ప్రతి సంఘం నుంచి ఇద్దరిచేత రాయించారు. ఇప్పుడు 28 మంది బాకీల పట్టీ వేయగలరు.

పెట్టె ఒకరింట్లో, తాళం ఇంకొకరి దగ్గర ఉంటోంది. పొడుగు కాగితాలన్నీ పెట్టెలోనే భద్రంగా ఉన్నాయి. మీరు వదిలేసిన రెండు కాలిక్యులేటర్లు, ఒక స్టేప్లర్ అంగన్‌వాడీలో ఉన్నాయి. గ్రామ సంఘం సమావేశం ప్రతి నెలా 5వ తేదీ సాయంత్రం నాలుగింటికి. ఆ దారిన వచ్చినప్పుడు వాటిని తీసుకోండి, మా పుస్తకాలు ఒకసారి తిరగేయండి, భోజనం మా ఇళ్లలోనే.