వార్షిక నివేదిక 2024–25: మెయిల్ కింద సంతకం సంగతి

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి కాబట్టి వాటి గురించి రాయను. బోరు మోటారు రెండుసార్లు కాలింది, బాగు చేయించాం. లెక్కలు కోశాధికారి గారి పత్రంలో చూడండి. నేను కాస్త వివరంగా చెప్పాల్సింది సంఘం ఈమెయిల్ గురించి.

మనకున్నది ఒక్కటే మెయిల్ అడ్రస్. దాన్నుంచి రాసేది ఐదుగురం. కింద “ఇట్లు, సంక్షేమ సంఘం” అని తప్ప ఎవరి పేరూ ఉండేది కాదు. పార్కింగ్ గురించి అడిగిన ఒక సభ్యుడికి ఒకే రోజు పొద్దున “కుదరదు” అని, సాయంత్రం “కుదురుతుంది” అని రెండు జవాబులు వెళ్లాయి. ఆయన సర్వసభ్య సమావేశంలో లేచి, “ఇవి సంఘం ఉత్తరాలా, ఆకాశరామన్న ఉత్తరాలా?” అని అడిగారు. అందరం నవ్వాం గానీ ఎవరి దగ్గరా జవాబు లేదు. (పొద్దుటిది నేనే రాశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

అందుకని ఆఫీసు కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వేశాం. ఉచితం కనుక ఖర్చుల పట్టికలో కనపడదు. అందులో ఒకే అకౌంట్ కింద ఎన్ని ఐడెంటిటీలైనా, అంటే పంపేవాళ్ల పేర్లు ఎన్నైనా, పెట్టుకోవచ్చు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ఐడెంటిటీస్’ నొక్కాలి, అంతే. అడ్రస్ అదే ఉంటుంది, పేరూ సంతకమూ ఎవరివి వాళ్లవి. రాసేవాళ్లు పైన ‘ఫ్రమ్’ దగ్గర తమ పేరు ఎంచుకోగానే కింద సంతకం దానంతటదే మారిపోతుంది.

పని ఒక ఆదివారంలో అయిపోయింది. సంతకంలో ఏముండాలన్న దానికే రెండు సమావేశాలు పట్టాయి. ఒకరికి లోగో కావాలి, ఒకరికి రిటైరయ్యేనాటి హోదా కావాలి. మొదటి నమూనా పద్నాలుగు లైన్లు తేలింది. “సోమవారం నీళ్లు రావు” అన్న ఒక్క ముక్క కింద పద్నాలుగు లైన్లు! 1995లో ఇంటర్నెట్ మర్యాదల గురించి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం, సంతకం నాలుగు లైన్లు దాటకపోతే మంచిదంది. చాలామంది నిమిషాల లెక్కన నెట్‌కి డబ్బు కడుతున్నారు, మెయిల్ పొడుగైతే వాళ్ల జేబుకే చిల్లు అని దాని వాదన. మనకిప్పుడు ఆ బాధ లేకపోయినా నాలుగుకే ఓటు పడింది: పేరు, బాధ్యత, ఆఫీసు ఫోను, ఆఫీసు వేళలు. సొంత సెల్ నంబర్లు వద్దనుకున్నాం. ఫార్వర్డ్ చేసిన మెయిల్ ఎక్కడిదాకా పోతుందో ఎవరు చెప్పగలరు? లోగో కూడా తీసేశాం. బొమ్మను మెయిల్‌లో పంపాలంటే అక్షరాల రూపంలోకి మార్చాలి, దాంతో దాని సైజు మూడో వంతు పెరుగుతుంది. అదీ ప్రతి మెయిల్‌తోనూ.

సంతకం పైన రెండు చిన్న అడ్డగీతలు, వాటి పక్కన ఒక ఖాళీ ఉంటాయి. చెత్త అనుకుని చెరపకండి. ఆ గుర్తును బట్టే థండర్‌బర్డ్ లాంటివి సంతకాన్ని పోల్చుకుని, జవాబు రాసేటప్పుడు పాతదాన్ని వదిలేస్తాయి. ఆ ఖాళీ పోయిందంటే సంతకాల మీద సంతకాలు పేరుకుంటాయి.

ఇక సామెతల గొడవ. యునిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ‘ఫార్చ్యూన్’ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. అడిగినప్పుడల్లా ఏదో ఒక మాట ఏరి ఇస్తుంది. దాన్ని మెయిల్ సంతకం కింద తగిలించుకోవడం పాత సరదా. మన కాలనీ కుర్రాళ్లు అదే పని తెలుగు సామెతలతో చేశారు. థండర్‌బర్డ్ సంతకాన్ని ఒక ఫైల్ నుంచి తీసుకోగలదు. పావుగంటకోసారి ఒక స్క్రిప్ట్ (కుర్రాళ్లు రాసిన చిన్న ప్రోగ్రామ్) ఆ ఫైల్‌లో సామెత మారుస్తుంది. మొదటి రోజు సామెత ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. చూస్తే సామెతల ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐ కింద, అంటే తెలుగు అక్షరాలు పట్టని పాత పద్ధతిలో, సేవ్ చేశారు. మళ్లీ టైప్ చేసి, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పెట్టాక తెలుగు కుదురుకుంది. బకాయిల రిమైండర్ కింద “అప్పు చేసి పప్పు కూడు” అని వెళ్తే నవ్వుకుని కట్టినవాళ్లూ ఉన్నారు.

నవంబరులో, అత్తగారు పోయిన ఒక సభ్యురాలికి సంతాపం రాశాం. పంపాక చూసుకుంటే కింద ఇలా ఉంది: “అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు కంట నీరు వచ్చిందట.” ఆ సాయంత్రమే నేనూ అధ్యక్షులూ వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాం. ఆవిడ టీ ఇచ్చి, “మా అత్తగారే ఉంటే దీన్ని అందరికీ చదివి వినిపించేవారు” అన్నారు. మాకు మాత్రం తల ఎత్తడం కష్టమైంది. మర్నాటి నుంచి సామెతను పండుగ ఆహ్వానాలు పంపే ఐడెంటిటీకి తప్ప మిగతా అన్నిటికీ తీసేశాం.

ఇంకా మిగిలిన పని ఒకటుంది. ఫోన్‌లో జీమెయిల్ యాప్ నుంచి రాసేవాళ్లు ‘మొబైల్ సిగ్నేచర్’ వేరుగా పెట్టుకోవాలి. కమిటీలో ఇద్దరు ఇంకా పెట్టుకోలేదు. పేరు లేని మెయిల్ వస్తే వాళ్లిద్దరిలో ఒకరిదని అనుకోండి.

సామెతల ఫైల్ ఆఫీసులో ఉంది. కొత్తవి చేర్చాలనుకునేవాళ్లు కాగితం మీద రాసి ఇవ్వండి, అత్తాకోడళ్లవి తప్ప.