సిరీస్ రాసేవాళ్ళని రాయనియ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం. పెద్ద ఫ్రాంచైజీల (ఒకే కథా ప్రపంచం మీద వరసగా తీసే సినిమాలు, షోలు) సిరీస్‌లు చప్పబడిపోయినాయి, జనాలకి బోర్ కొట్టేసిందని ఈమధ్య మీ పేపర్లో రాశారు, నేను ఒప్పుకోనండీ. జనాలకి విసుగొచ్చింది ఆ కథల మీద కాదు, రాసేవాడి నెత్తిన కూర్చుని ఇది పెట్టు అది తియ్ అనే స్టూడియో పద్ధతి మీద.

ఆండోర్ చూడండి. స్టార్ వార్స్ సిరీసే, కానీ లైట్ సేబర్, అదే ఆ వెలుగు కత్తి, తీసేవాడే లేడు. 2022లో వచ్చిన ఫస్ట్ సీజన్లో జైలు ఎపిసోడ్లు ఉంటాయి, ఖైదీలంతా చెప్పుల్లేకుండా తిరగతా ఉంటారు, ఎందుకంటే నేలలోనే కరెంటు, ఎవడన్నా తోక జాడిస్తే స్విచ్ వేస్తారు. షిఫ్టుల లెక్కన ఏవో పార్టులు బిగిస్తా ఉంటారు, అవి దేనికో వాళ్ళకీ తెలీదు మనకీ తెలీదు, సీజనంతా అయిపోయి పేర్లు పడినాక చూపిస్తారు అవి డెత్ స్టార్‌కని, అంటే గ్రహాల్నే పేల్చేసే ఆయుధానికని. రైటర్ మీద నమ్మకం లేకపోతే ఆ సంగతి అప్పుడే డైలాగులో చెప్పించేసేవాళ్ళు! ఆ సిరీస్ నడిపించిన రైటర్ టోనీ గిల్‌రాయ్ ముందు అయిదు సీజన్లు అనుకుని, అంత కాలం తియ్యడం అయ్యే పని కాదని రెండుకి తగ్గించుకున్నాడు, అయినా కథ దెబ్బతినలా, 2025లో రెండో సీజన్ 12 ఎపిసోడ్లని ఏడాదికి మూడు లెక్కన నాలుగేళ్ళ కథగా సర్ది రోగ్ వన్ అనే స్టార్ వార్స్ సినిమా మొదలయ్యే చోటికి తెచ్చి ఆపాడు. టైముకి హద్దు పెడితే కథ చెడదు, లోపల వేలు పెడితేనే చెడిపోద్ది.

సూపర్ హీరో సినిమాల మార్వెల్ వాళ్ళు సిరీస్‌లని కూడా సినిమాల్లాగే తీశారు, కథ మొత్తం దగ్గరుండి నడిపించే షోరన్నర్ అనే మనిషిని పెట్టకుండా, తేడా వస్తే రీషూట్ చేసుకుందాంలే అని. వాళ్ళ డేర్‌డెవిల్ బోర్న్ అగైన్ సిరీస్ కొంత తీశాక 2023లో హెడ్ రైటర్లని మార్చి కథ మళ్ళీ సరిచేసుకోవాల్సొచ్చింది, 2025కి గానీ జనం ముందుకు రాలా.

అట్లాగని ఇష్టమొచ్చినట్టు వదిలెయ్యమని కాదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్‌కి ఇంకా ఎపిసోడ్లు తియ్యండి అని దాన్ని వేసే చానెల్ హెచ్‌బీఓనే అడిగినా, ముగించేద్దాం అన్నది తీసినవాళ్ళే, 2019లో చివరి సీజన్ 6 ఎపిసోడ్లలో చుట్టేశారు. అక్కడ ఎందుకింత తొందర అని గట్టిగా నిలదీసే మనిషి ఉండాల్సింది. అడగడం వేరు, లాక్కుని రాయడం వేరు.

మన సీరియళ్ళ సంగతి ఇంకా బాధండీ. గురువారం రేటింగులు వస్తాయి, తగ్గితే కథ తిప్పేస్తారు. మా అమ్మ పెందలాడే వంట ముగించుకుని కూర్చుని చూసే సీరియల్లో చచ్చిపోయిన మనిషిని మళ్ళీ తెచ్చారు, ఇంక చూడబుద్ధి కావట్లేదురా అని లేచెళ్ళిపోయింది. రాసినాయన ఎంత నలిగిపోయుంటాడో అనిపించింది నాకు.

చానెళ్ళు ఒక్క సీరియల్‌కైనా ఇన్ని ఎపిసోడ్లని ముందే చెప్పి, ముగింపు రాయించుకుని మొదలుపెడితే బాగుంటుంది. మీరు కూడా టీవీ పేజీలో హీరో హీరోయిన్ల పేర్లతో పాటు రైటర్ పేరు వెయ్యండి సార్, దయచేసి.

— ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా