లెక్కలో ఏది మారదో ముందు చూడు

దేవరకొండ

బిడ్డా,

ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, ఫిజిక్స్ లెక్క చూడగానే మాత్రం టెన్షన్ అవుతోందని ఫోన్‌లో అన్నావు. అప్పుడు షాపులో గిరాకీ ఉండె, నిమ్మళంగా చెప్పడం కుదరలేదు. లెక్క చదవగానే ఫార్ములా కోసం వెతకకు. అందులో ఏది మారుతోంది, ఏది మారకుండా ఉంది అని చూడు. సగం లెక్క అక్కడే తేలిపోతుంది.

నువ్వు అడిగిన బల్బుల లెక్కే తీసుకో. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపారు, ఏది ఎక్కువ వెలుగుతుంది? 100 అని రాశావు. బల్బు మీది వాట్లు దానికి పూర్తి 230 వోల్టులు అందినప్పటి మాట. సిరీస్‌లో వోల్టేజీని రెండూ పంచుకుంటాయి. రెండింట్లో ఒకేలా ఉండేది కరెంటు. అందుకే ముందు రెసిస్టెన్స్ కట్టు. వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే 60 దానికి సుమారు 882 ఓములు, 100 దానికి 529. ఒకే కరెంటు పారుతున్నప్పుడు ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్నదే ఎక్కువ పవర్ తీసుకుంటుంది. ఎక్కువ వెలిగేది 60 బల్బే.

యాసంగి వస్తే మన షాపు ముందు కాలిపోయిన బోరు మోటార్లు ఎట్లా పేరుకుంటాయో నీకు తెలుసు. లో వోల్టేజీ వచ్చింది, మోటారు కాలింది అంటారు రైతులు. ఓమ్ సూత్రం పట్టుకుంటే వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా, మరి ఎందుకు కాలింది? తిరిగే మోటారు ఉత్త రెసిస్టెన్స్ కాదు, లోపల ఎదురు వోల్టేజీ కూడా పుడుతుంది. పైగా బోరు లోతు తగ్గలేదు, ఎత్తాల్సిన నీళ్లు దాదాపు అన్నే. పని అంతే ఉండి వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్‌లో, అంటే మోటారు లోపల చుట్టిన తీగలో, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు అయితే వేడి రెండు రెట్లు దాటుతుంది. ఆ వేడికే తీగ మీది ఇన్సులేషన్ మాడిపోతుంది. ఒక్క సూత్రాన్నే అన్నిచోట్లా పెట్టొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తరంగాల్లోనూ ఇదే చూపు. శబ్దం గాలిలోంచి నీళ్లలోకి పోతే వేగం సెకనుకు 340 మీటర్ల నుంచి దాదాపు 1480కి పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం మారదు, అది శబ్దం పుట్టించిన వస్తువును బట్టి ఉంటుంది. వేగం అంటే ఫ్రీక్వెన్సీని తరంగదైర్ఘ్యంతో గుణించినదే, కాబట్టి తరంగదైర్ఘ్యమే పెరగాలి. 340 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో 1 మీటరు, నీళ్లలో సుమారు 4.35 మీటర్లు.

రాయిని పైకి విసిరిన లెక్కలో చాలామంది పిల్లలు ఒక్కచోటే తప్పుతారు. పైకొసన వేగం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నా అని రాసేస్తారు. త్వరణం దారి పొడుగునా 9.8 మీ/సె², కిందికే. అది సున్నా అయితే రాయి పైనే ఆగిపోవాలి కదా! పై దిక్కును ప్లస్ అనుకుంటే త్వరణానికి మైనస్ పెట్టు, లెక్క మధ్యలో గుర్తు మార్చకు. సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరితే దాదాపు 20 మీటర్ల ఎత్తు పోతుంది. నీకు 200 వస్తే ఎక్కడో గుర్తో, యూనిటో తప్పిందని అర్థం.

ఒక్కరోజులో ఎన్నో లెక్కలు చేయకు. రెండు చాలు, కానీ ప్రతిదానికీ బొమ్మ గీయి.

దసరాకు వచ్చినప్పుడు బెంచీ మీద రెండు పాత బల్బులు కలిపి చూద్దాం. ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన విడివిడిగా పెడితే ఏది బాగా వెలుగుతుందో ముందే కట్టి తీసుకురా.

మీ బాపు